ఇప్పుడు లేని వరంగల్ కట్టడాలను ప్రింట్లుగా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారు ఆజంజాహి మిల్లులో పనిచేశారు. మిల్లు గేటు ముందు నలుగురు తోటి కార్మికులతో ఆయన దిగిన ఫోటో ఒక్కటే ఇంట్లో మిగిలింది. దాన్ని చూసి మొదలైన ఆలోచనతో వరంగల్, హనుమకొండ, చుట్టుపక్కల కూలిపోయినవీ కూల్చేసినవీ ఒక ఆరు కట్టడాలను బొమ్మలుగా గీసి, మంచి కాగితం మీద ప్రింట్లు తీసి అమ్మాలనుకుంటున్నారు. ఏ కట్టడాలు తీసుకోవాలి, పాత ఫోటోలు ఎక్కడ దొరుకుతాయి, కొలతలు ఎలా తెలుస్తాయి, కాపీరైట్ గొడవ వస్తుందా అని అడిగారు.

నేను హనుమకొండలో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర ఇరవై ఆరేళ్లు డ్రాఫ్ట్స్‌మన్‌గా చేశాను. ఆ తర్వాత పన్నెండేళ్లుగా లైనోకట్‌లు (లైనోలియం పలక మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద తీసే అచ్చులు), పెన్ను బొమ్మల ప్రింట్లు వేస్తున్నాను. చేసిన తప్పులు కూడా చెప్తాను, మీ కాగితం కొంత మిగులుతుంది.

ముందు కట్టడాల సంగతి. మీ జాబితాలో కోటలోని స్వయంభూ శివాలయం మొదట ఉంది, మిల్లు చివర ఉంది. నేనైతే తిరగేస్తాను. స్వయంభూ ఆలయం 1323లో తుగ్లక్ సైన్యం ఓరుగల్లును గెలిచాక నేలమట్టమైంది. దాని ఫోటో లేదు, బొమ్మ లేదు. ఉన్నవి నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో చెదిరిన స్తంభాలు, దూలాలు, చెక్కిన రాళ్లు. అంతే. అయినా జనం దాన్నే ఎక్కువగా గీస్తున్నారు. ఈమధ్య కంప్యూటర్‌తో తయారుచేసిన బొమ్మలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. తోరణం వెనక ఆకాశాన్నంటే గాలి గోపురం, దాని మీద రంగురంగుల బొమ్మలు. అది మధురైలో చూసే గోపురం, ఓరుగల్లుది కాదు. కాకతీయుల పనితనం చూడాలంటే రామప్పకు వెళ్లి శిఖరం ఎంత పొదుపుగా ఉంటుందో చూడండి. దాన్ని నీళ్లమీద తేలే తేలికపాటి ఇటుకలతో కట్టారు. అది చూశాక కూడా స్వయంభూ ఆలయ శిఖరం అలాగే ఉండేదని మనం చెప్పలేం.

అందుకని ఆ బొమ్మ గీసేటప్పుడు నేను తోరణాలను పూర్తిగా గీశాను, నేలమీద పడి ఉన్న రాళ్లను గీశాను, గుడి ఉండాల్సిన చోట కాగితాన్ని తెల్లగా వదిలేశాను. ఒక్క గీత కూడా పెట్టలేదు. మొదటిసారి ప్రదర్శనలో పెట్టినప్పుడు "సార్, ఇది సగమే అయింది కదా" అన్నారు. కానీ నేను వేసినవాటిలో ఎక్కువగా అమ్ముడుపోయింది అదే. మీ సిరీస్‌లో కూడా ఎక్కడ మీకు తెలియదో అక్కడ ఖాళీ వదలడానికి భయపడకండి.

మిల్లు సంగతి వేరు. 1934లో నిజాం పెట్టించి, పెద్ద కొడుకు ఆజంజా పేరు పెట్టిన మిల్లు అది. అందులో పనిచేసినవాళ్లు ఇంకా ఉన్నారు. లేబర్ కాలనీలో, చుట్టుపక్కల వాడల్లో సాయంత్రం పూట అరుగుల మీద దొరుకుతారు. ఏటేటా తగ్గిపోతున్నారు కూడా. రాళ్లు ఎక్కడికీ పోవు, ఈ మనుషులు పోతారు. కాబట్టి ఆరు బొమ్మల్లో మొదటిది మిల్లే కావాలి.

వాళ్లను అడిగే పద్ధతి ఒకటుంది. "మిల్లు ఎలా ఉండేది?" అంటే "మస్తుగుండె" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. దానికి బదులు ఆ స్థలం ఇప్పటి మ్యాపును పెద్ద కాగితం మీద ప్రింటు తీసి, నేలమీద పరిచి, పెన్సిల్ చేతికివ్వండి. "మీరు సైకిల్ ఎక్కడ పెట్టేవాళ్లు? అన్నం డబ్బా ఎక్కడ తినేవాళ్లు? జీతం ఏ కిటికీ దగ్గర ఇచ్చేవాళ్లు?" అని అడగండి. కట్టడం గురించి కాదు, వాళ్ల రోజు గురించి అడగాలి. గోడలు వాటంతట అవే బయటికొస్తాయి.

జమ్మికుంట దిక్కు ఒక పాత జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు తీసేది) బొమ్మకు నేను ఇట్లాగే చేశాను. మిల్లు పోయి చాలా ఏళ్లయింది, పొగగొట్టం ఎక్కడుండేదో ఎవరికీ సరిగా గుర్తులేదు. కాంటాకు ఎడమన అని ఒకాయన, కుడిన అని ఇంకొకాయన. ఇద్దరూ అక్కడే ముప్పై ఏళ్లు చేసినవాళ్లు, ఇద్దరూ ఒట్టేసి చెప్తున్నారు. గంటసేపు కొట్లాట. ఆ మాటలన్నీ వింటూ బీడీ తాగుతున్న ఒక పాత హమాలీ, "మీది మీరే కొట్లాడుకుంటున్నరు గని, ఎండకాలం మూడుగొట్టంగ చిమ్నీ నీడ వచ్చి కాంటా మీద పడేది. మేం గా నీడలనే కూసుండి సద్ది తింటుంటిమి" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి సూర్యుడు పడమటికి వాలతాడు, నీడ తూర్పుకు పడుతుంది. అంటే గొట్టం కాంటాకు పడమట ఉండాలి. గేటు దక్షిణాన ఉంది కాబట్టి లోపలికొచ్చేవాడికి ఎడమవైపు. మొదటాయన చెప్పిందే నిజం. అయితే రెండో ఆయనది కూడా తప్పు కాదట. ఆయన పని గోదాములో, ఆయన రోజూ చూసింది లోపలి నుంచి గేటు వైపుకు! ఆ మాట తేలాక ఇద్దరూ నవ్వుకున్నారు, నాకు బొమ్మ దొరికింది.

ఇక సెంట్రల్ జైలు. మీ జాబితాలో అది ఉండాల్సిందే. 1886 నాటి జైలు, 2021లో ఖైదీలను వేరే జైళ్లకు తరలించి కూల్చేశారు, ఆ స్థలంలో 24 అంతస్తుల ఆసుపత్రి తలపెట్టారు. ఆసుపత్రి వద్దని ఎవరంటారు? కానీ ఒక్క గోడైనా, ముఖద్వారమైనా ఉంచి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దీనికి మీకు కొలతలు తేలికగా దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌ను కంప్యూటర్‌లో తెరిచి, పాత తేదీల చిత్రాలు చూపించే గడియారం గుర్తు నొక్కి, 2021 కంటే ముందటి తేదీకి జరపండి. జైలు పైకప్పులన్నీ కనిపిస్తాయి. అందులోనే స్కేలు ఉంటుంది, గోడ పొడవు మీటర్లలో కొలుచుకోవచ్చు. ప్లాను తేలిందంటే సగం పని అయినట్టే. లోపలి దృశ్యాలకు మాత్రం ఇబ్బంది, జైల్లో మామూలు మనిషి ఫోటోలు తీయలేడు కదా. నేనైతే బయటి గోడ, గేటు గీసి, ముందు భాగాన ఒక జంపఖానా పరిచినట్టు వేస్తాను. అక్కడి ఖైదీలు నేసిన జంపఖానాలు ఎన్ని ఇళ్లలో ఉండేవో మీ అమ్మగారిని అడగండి.

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం మీరు రాయలేదు, నేను చేరుస్తున్నాను. గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది. కుంగిపోయిన మండపాన్ని 2006లో విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పక్కన పేర్చారు. మళ్లీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. మధ్యలో దాదాపు పద్దెనిమిదేళ్లు ఆ మండపం లేదు. ఒక తరం పిల్లలు అక్కడ రాళ్ల కుప్పలనే చూసి పెద్దయ్యారు. పోయి తిరిగొచ్చిన కట్టడం మన దగ్గర ఇదొక్కటే అనుకుంటా. నంబర్లు వేసిన రాళ్ల వరసనే బొమ్మగా గీస్తే ఎంత బాగుంటుందో! ఈ ఐడియా ఎన్నాళ్లుగానో నా బుర్రలో ఉంది, చేతికి రావడం లేదు. మీరు తీసుకోండి.

గడీల గురించి, అంటే దొరల కోటల్లాంటి ఇళ్ల గురించి, కాస్త ఆగి చెప్పాలి. మీరు "దొరల గడీ ఒకటి, అందంగా ఉంటుంది" అని రాశారు. అందంగా ఉంటుంది, నిజమే. ఎత్తయిన దర్వాజ, బురుజులు, లోపల స్తంభాల మొగసాల, చెక్కిన కొయ్య పని. నేను కూడా ఆ అందం చూసే ఒకటి గీశాను. ప్రదర్శనలో ఒక పెద్దమనిషి ఆ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. కొంటాడేమో అనుకొని దగ్గరికి వెళ్లాను. "మా నాయన గీ దర్వాజ ముంగట్నుంచి చెప్పులు చేతుల వట్టుకొని నడిచిండు సార్" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ రోజు రాత్రి బొమ్మ కింద రాసిన వివరం తీసేసి కొత్తగా రాశాను. ఎన్ని గదులు, ఏ కాలం నాటిది అనేవాటితో పాటు, ఇక్కడ వెట్టి చేసినవాళ్లు ఏ కులాలవాళ్లు, ఏ పని చేసేవాళ్లు అన్నది కూడా రెండు వాక్యాల్లో పెట్టాను.

గడీ ఎందుకు లేదన్నది కూడా గడీ చరిత్రలో భాగమే. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. అక్కడి నుంచి లెక్క వేసుకోండి. తర్వాత 1978 సెప్టెంబరులో, రైతుకూలీలు దొరలకు ఎదురుతిరిగిన జగిత్యాల జైత్రయాత్ర. ఆ ఏళ్లలో ఎంతోమంది దొరలు ఊళ్లు వదిలి పట్నం చేరారు, గడీలు పాడుపడ్డాయి. వరంగల్ కోటలో పోయిన గుడిని, ఊళ్లో పోయిన గడీని ఒకే "అయ్యో" కింద అమ్మితే కొనేవాళ్లలో సగంమందికి కడుపు మండుతుంది. గడీ వేయొద్దు అనడం లేదు. వేయండి, కింద ఉన్న మాట ఉన్నట్టు రాయండి.

మునిగిన ఊళ్లు కూడా ఆలోచించండి. మానేరు మీది ప్రాజెక్టుల కింద ఇళ్లు పోయినవాళ్లు కరీంనగర్, సిరిసిల్ల దిక్కు వేలమంది ఉన్నారు. వాళ్లకు గుడో గడీయో అక్కర్లేదు, మామూలు పెంకుటిల్లు గీసినా చాలు.

ఇప్పుడు ఫోటోలు. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టింది, గులాం యజ్దానీ దానికి డైరెక్టర్. ఆ శాఖ ఏడాదికేడాది వేసిన నివేదికల్లో మంచి ఫోటోలు, ప్లాన్లు ఉంటాయి. కొన్ని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు. అంతకుముందు కాలానికి రాజా దీన్‌దయాళ్ తీసినవి ఉన్నాయి. కానీ ఇవన్నీ గుళ్లు, కోటల వరకే. మిల్లులు, ఇళ్లు, బజార్లు కావాలంటే పెళ్లి ఆల్బమ్‌లే దిక్కు. పెళ్లికూతురి వెనకాల ఉన్న గోడే మన పంట. పాత స్టూడియోలు మూసేసేటప్పుడు నెగటివ్‌లు చెత్తలో పోస్తారు, ముందే అడిగి పెట్టుకోండి.

ఇక్కడే నేను పెద్ద దెబ్బ తిన్నాను. మట్టెవాడలో ఒక భవంతి ఇల్లు ఉండేది, కూలగొట్టి కాంప్లెక్స్ కట్టారు. ఆ ఇంటి ముందు తీసిన పెళ్లి ఫోటో ఒకటి దొరికితే దాన్ని చూసి లైనో చెక్కాను. నెలరోజుల పని. పదిహేను ప్రింట్లు తీశాక ఆ ఇంటి పెద్ద కోడలికి, డెబ్భై దాటిన ఆమెకు, ఒకటి ఇద్దామని తీసుకెళ్లాను. ఆమె కళ్లజోడు పెట్టుకొని చూసి, "అన్ని మంచిగనే ఉన్నయ్ బిడ్డా. గని బాయి గిటు దిక్కుండాలె. వంటింట్ల నిలబడి చెయ్యి చాపితె చేద అందేది" అంది. ఫోటోలో బావి అటువైపే ఉంది కదా అని నేను వాదించాను కూడా, సిగ్గు లేకుండా. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే ఫోటోలో ఉన్న మగవాళ్లందరి చొక్కాల జేబులు, ఎడమ రొమ్ము మీద ఉండాల్సినవి, వాళ్ల కుడి రొమ్ము మీద ఉన్నాయి. ఒక్కరికి కాదు, అందరికీ. ఎప్పుడో ఎవరో నెగటివ్‌ను తిరగేసి ప్రింటు కొట్టారు. ఇల్లంతా అద్దంలో చూసినట్టు తయారైంది.

తమాషా ఏమిటంటే లైనో అచ్చు వేసినప్పుడు బొమ్మ ఎటూ తిరగబడుతుంది, అందుకే అద్దం బొమ్మలాగా చెక్కుతాం. ఆ జాగ్రత్త తీసుకోకుండా ఫోటోలో ఉన్నది ఉన్నట్టు చెక్కి ఉంటే బావి సరైన వైపు వచ్చేది! పదిహేను ప్రింట్లూ పక్కన పడేసి మళ్లీ చెక్కాను. అప్పటి నుంచి ఏ పాత ఫోటో చేతికొచ్చినా మొదట చూసేది జేబు, తర్వాత చేతి గడియారం, దుకాణం బోర్డు ఉంటే దాని అక్షరాలు.

ఎత్తుల లెక్క సులువే. గోడకు ఆనుకొని నిలబడిన మనిషిని పట్టుకోండి. ఫోటోలో ఆ మనిషి 22 మిల్లీమీటర్లు, గోడ 140 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. మనిషి ఐదున్నర అడుగులైతే గోడ సుమారు 35 అడుగులు. గోడకు పది అడుగుల ముందు నిలబడ్డ మనిషితో ఈ లెక్క చేస్తే తప్పుతుంది, కెమెరాకు దగ్గరైనకొద్దీ మనిషి పెద్దగా పడతాడు.

రంగులు అంతకంటే కష్టం. ఫోటో నలుపు తెలుపు. ముగ్గురిని అడిగితే మూడు రంగులు చెప్తారు, ముగ్గురూ నిజమే చెప్తారు, ఎందుకంటే ప్రతి పండక్కీ సున్నం మారుతుంది. మట్టెవాడ ఇంటిది అరచేయంత గచ్చు పెచ్చు నా దగ్గరుంది. అంచును తడిపి చూస్తే పొరలు లెక్కపెట్టొచ్చు. అడుగున డంగు సున్నం, దానిమీద తెలుపు, ఆపైన నీలిమందు కలిపిన తెలుపు, మళ్లీ పసుపు, చివర ఎవరో వేసిన ఆకుపచ్చ డిస్టెంపర్. నేను నీలిమందు తెలుపు తీసుకొని, గోడ అడుగున జాజు పట్టీ పెట్టాను. కూలుస్తున్న చోటికి వెళ్తే ఇటుక ముక్క కంటే అట్లాంటి పెచ్చు తెచ్చుకోండి.

ప్రింటు గురించి ఎక్కువ చెప్పను, హైదరాబాద్‌లో మంచి ల్యాబులు ఉన్నాయి, వాళ్లే చెప్తారు. 12 బై 18 అంగుళాల ప్రింటుకు ఫైలు 3600 బై 5400 పిక్సెళ్లు ఉండాలి. చిన్న ఫోటోను ఫోన్‌తో ఫోటో తీయొద్దు, గోడలు వంగుతాయి. స్కానర్ మీద 1200 డీపీఐలో పెట్టండి. పిగ్మెంట్ ఇంకు, 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం అడగండి. మామూలు ఫ్లెక్స్ షాపులో వేయిస్తే రెండు ఎండాకాలాలకు వెలిసిపోతుంది. ఫ్రేము కట్టేవాడు అద్దాన్ని ప్రింటుకు ఆనించి బిగిస్తాడు, వెనక అట్టముక్క పెడతాడు. రెండూ వద్దనండి. మన వానాకాలం తేమకు ఇంకు అద్దానికి అంటుకుంటుంది, అట్ట పసుపు మరకలు వదులుతుంది. చుట్టూ మౌంట్ బోర్డు పెట్టించండి. పాతిక కాపీలు అనుకుంటే పాతికే వేసి, కింద పెన్సిల్‌తో నంబరు వేసి సంతకం పెట్టండి. బాగా అమ్ముడైంది కదా అని ఇరవై ఆరోది వేయొద్దు. ధర విషయంలో నాకు తెలిసిన లెక్క ఒకటే, కాగితం, ఇంకు, మౌంటు ఖర్చుకు మూడింతలు. అంతకంటే తక్కువకు అమ్మితే మీ రోజులకు కూలి రాదు.

కాపీరైట్‌కు టెన్షన్ పడాల్సినంత లేదు. కట్టడాన్ని చూసి బొమ్మ గీసి ప్రచురించడం మన 1957 చట్టం ప్రకారం ఉల్లంఘన కాదు. చిక్కంతా ఫోటోతోనే. 2012లో చట్టం మార్చాక, ఫోటో తీసినవాడు బతికున్నంతకాలం, ఆయన పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. 1990లో పత్రికలో పడ్డ ఫోటోను గీతకు గీత దించి అమ్మితే అది తప్పే. ఇద్దరు ముగ్గురి ఫోటోలు చూసి, మీ కొలతలతో, మీరు ఎంచుకున్న కోణంలో గీయండి. ఇళ్లల్లో దొరికిన ఫోటోలకు ఇంటివాళ్లను అడిగి ఒక కాగితం మీద రాయించుకోండి, ఒక ప్రింటు ఊరికే ఇవ్వండి. కోట, వేయిస్తంభాల గుడి కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్నాయి. ఫోన్‌తో తీసుకుంటే ఎవరూ ఏమనరు, ట్రైపాడ్ పెట్టాలంటే అనుమతి కావాలి.

ఆరు బొమ్మలూ ఒకేసారి మొదలుపెట్టకండి. మిల్లు ఒక్కటి ముగించి, నాన్నగారికి చూపించి, ఆయన ఏది తప్పంటే అది దిద్ది, అప్పుడు జైలుకు వెళ్లండి. ఆ గేటు ఫోటోను మాత్రం ఈ వారమే స్కాన్ చేయండి. చేసేముందు ఐదుగురి జేబులూ ఎటువైపున్నాయో ఒకసారి చూడండి.